పెట్రోలు మూత మీది బెజ్జం

నెల్లూరు స్టేషన్లో రైలు దిగేసరికి ఉదయం ఆరూ పది. అరవై అయిదో సంవత్సరం, సెప్టెంబరు ఆఖరు. సన్నగా చినుకులు. నలుగురం దిగాం: హవల్దారు, వైర్‌లెస్ ఆపరేటరు, వంటమనిషి, నేను. నా పని ఇంజను చూడటం. వైర్‌లెస్ సెట్టు బ్యాటరీల మీద నడుస్తుంది. బ్యాటరీలకు ఇంజను కరెంటు ఎక్కిస్తుంది. ఇంజనుకు పెట్రోలు నేను పోస్తాను. భారత సైన్యంలో నా స్థానం అదీ.

పడమటి సరిహద్దున యుద్ధం అప్పుడే ఆగింది. ఆగిందన్న మాటను ఎవరూ గట్టిగా నమ్మడం లేదు. నన్ను ఏ పంజాబుకో పంపుతారనుకున్నాను. ఉత్తర్వు విప్పి చూస్తే కృష్ణపట్నానికి ఉత్తరాన సముద్రపు గట్టు అని ఉంది. మాది కొడవలూరు. ఎడ్లబండి కట్టుకుంటే ఒక పూట ప్రయాణం. యుద్ధానికి పొమ్మని పెరట్లోకి పంపారన్నమాట. తర్వాత ఒక ఆదివారం ఇంటికి వెళితే మా మేనమామ ఊరుకోలేదు.

"యా సరిహద్దులో ఉండావురా?"

"తూర్పు సరిహద్దు మామా."

"తూర్పున ఎవురుండార్రా, రొయ్యలు తప్ప?"

నాకు ముక్కు మీద కోపం. అన్నం ముందు నుంచి లేచిపోయాను. మా అమ్మ బతిమాలి కూర్చోబెట్టింది.

దిగిన రోజు సంగతి చెబుతున్నాను కదా. ట్రక్కు మమ్మల్ని తోటపల్లి గూడూరు దాటించి బకింగ్‌హాం కాలువ గట్టున దింపింది. అక్కడి నుంచి పడవ. సెట్టు ఒకటి, బ్యాటరీలు రెండు, ముప్పై అడుగుల ఇనుప స్తంభం ముక్కలుగా, గుడారం, నాలుగు పెట్రోలు డబ్బాలు, మా నాలుగు ఇనప్పెట్టెలు, ఒక ఇంజను. అన్నీ ఎక్కాక పడవ అంచుకూ నీటికీ మధ్య జానెడు మిగిలింది. నేను అంచు పట్టుకుని కూర్చున్నాను. పడవవాడు అరవై దాటిన మనిషి. పేరు పోలయ్య.

"బయపడబాక నాయనా. నా పడవలోకి చుక్క దిగదు," అన్నాడు.

నిజమే, దిగలేదు. చెక్కకూ చెక్కకూ మధ్య ప్రతి సందులో గుగ్గిలం నల్లగా మెరుస్తోంది. గుగ్గిలాన్ని నూనెలో కాచి ముద్ద చేసి పడవ సందుల్లో కూరుతారు. ఆ ముద్ద పోలయ్య మొలలో తాటాకు పొట్లంలో ఎప్పుడూ ఉండేది. ఆయన కుడిచేతి బొటనవేలు నల్లగా ఉండేది. ఎంత తోమినా పోయే నలుపు కాదు.

మా మకాం కాలువకూ సముద్రానికీ మధ్య ఇసుక మిట్ట మీద. దక్షిణాన రెండు ఫర్లాంగుల్లో చేపలు పట్టే పట్టపోళ్ళ పాళెం, నలభై గుడిసెలు. చుట్టూ తాటిచెట్లు. మూడడుగుల గుంట తవ్వి, తాటాకు కప్పి, అందులో ఇంజను దించాం. ఒంటి సిలిండరు, పాత పెద్ద యుద్ధం నాటి సరుకు. తాడు చుట్టి లాగి స్టార్టు చేయాలి.

డ్యూటీ ఇదీ. సముద్రం మీద కనిపించే ప్రతి ఓడనూ, ఆకాశంలో ప్రతి విమానాన్నీ రాసి మద్రాసు కేంద్రానికి చెప్పాలి. ఉదయం ఏడు, పదకొండు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఏడు. రోజుకు నాలుగు వేళలు. ఇంజను మాత్రం ఉదయం ఎనిమిది నుంచి పది దాకా నడవాలి. ఓడలు వారానికి ఒకటి. విమానాలు లేవు.

ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో గడిచినట్టు ఉంటాయి. ఎనిమిదింటికి ఇంజను మొదలయ్యేది. ఆ చప్పుడు ఇసుకలోకి ఇంకి అరికాళ్ళలోకి ఎక్కేది. ఎండ పొడ ఎక్కడ, నీళ్ళు ఎక్కడ తెలియకుండా కలిసిపోయేవి. దూరంగా తెప్పలు నీటి మీద కాక గాలిలో నిలబడ్డట్టు కనిపించేవి. ఎర్ర పీతలు వందలుగా బయటికి వచ్చి, నేను కదిలితే ఒక్కసారిగా మాయమయ్యేవి. వరికోతల మధ్య పుట్టినవాణ్ణి. మా ఊరికి ఇంత దగ్గరలో ఇంత నీళ్ళున్నాయని నాకెవరూ సరిగా చెప్పలేదు. గుంట గట్టు మీద కూర్చుని ఆ నీళ్ళకేసి చూస్తూ ఉంటే పది ఎప్పుడయ్యేదో తెలిసేది కాదు.

పోలయ్య రోజూ వచ్చేవాడు. కాలువ మీద మంచినీళ్ళు, పెట్రోలు తెచ్చేది ఆయనే. పని అయ్యాక ఇంజను పక్కన గొంతుక్కూర్చునేవాడు. "బాగా అరస్తాది మీ బిడ్డ," అనేవాడు. ఆయన కొడుకు ఏడుకొండలు తెప్ప మీద ఒంటరిగా వేటకు పోయేవాడు. పెళ్ళయి ఏడాది. పోతూ పోతూ మా మకాం ముందు తెప్ప ఆపి, గుడారం చుట్టూ మేం వేసుకున్న కంచె వైపు ఒకసారి చూసి, చేయి ఊపి పోయేవాడు.

కంచె వైపు చూడటానికి కారణం ఉంది. సాయంత్రం ఏడింటికి కేంద్రం మర్నాటి వాతావరణం చెప్పేది. వైర్‌లెస్‌లో విన్నది బయటివాళ్ళకు చెప్పకూడదని ఆజ్ఞ. మా హవల్దారు ఆజ్ఞ మీరే మనిషి కాదు. కానీ దుప్పటి ఎక్కడ ఆరేసుకోవాలో ఏ ఆజ్ఞలోనూ రాసి లేదు. గాలివాన వస్తుందంటే ఆయన తన ఎర్రచారల దుప్పటి తీసి పాళెం వైపు కంచె మీద ఆరేసేవాడు. వార్త మంచిదైతే కంచె ఖాళీ. వారం తిరక్కుండానే పాళెం ఆ సంగతి కనిపెట్టింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తెల్లవారుజామున కంచె చూసి తెప్పలు దించేవాళ్ళు, లేదా వలలు బాగుచేసుకునేవాళ్ళు.

అక్టోబరులో మా నీళ్ళ డబ్బా కారడం మొదలైంది. పోలయ్య ఎవరినీ అడగలేదు. డబ్బా బోర్లించాడు, పొట్లం విప్పాడు, ముద్ద గిల్లి బొటనవేలితో అదిమాడు. కారడం ఆగిపోయింది. మర్నాడు లాంతరు అడుగున చిల్లి. అదీ అంతే.

"బెజ్జమంటే పడవకి చావు నాయనా. కనపడినాంక మూసెయ్యాల, ఇంకో ఆలోచన లేదు," అన్నాడు.

మేం నలుగురం భలే భలే అన్నాం. హవల్దారు రెండు బిస్కెట్ పొట్లాలు ఇచ్చాడు. పోలయ్య మురిసిపోయాడు.

నవంబరులో ఒక సోమవారం ఇంజను మొరాయించింది. ముందు రోజంతా వాన. ఎనిమిదింటికి తాడు లాగితే మొదటి లాగుకే అందుకుంది. సంతోషించాను. ఇల్లలకగానే పండగ కాదు కదా. ఆరు నిమిషాలు నడిచింది. చప్పుడు పలచబడింది. రెండుసార్లు దగ్గింది. ఆగింది.

మూత విప్పి చూశాను. పెట్రోలు ఉంది. మూత బిగించి తాడు లాగాను. అందుకుంది. మళ్ళీ ఆరు నిమిషాలు. మళ్ళీ ఆగింది.

ప్లగ్గు విప్పి మసి గీకాను. ఆరు నిమిషాలు. కార్బొరేటరు దించి, జెట్టు నోటితో ఊది, నాలుక మీద పెట్రోలు రుచితో మళ్ళీ బిగించాను. ఆరు నిమిషాలు. పాయింట్లు రుద్దాను. పెట్రోలంతా వంచి, ఖాకీ గుడ్డలో వడగట్టి పోశాను. ప్రతిసారీ మూత విప్పి చూడటం, పెట్రోలు ఉందనుకోవడం, మూత బిగించడం. వేడెక్కితే కాయిలు పోతోందేమో అనుకుని గంటసేపు చల్లారనిచ్చాను. అప్పుడూ ఆరు నిమిషాలే.

మంగళవారం మధ్యాహ్నానికి నా బుద్ధి నా దగ్గర లేదు. పోలయ్య వచ్చి పక్కన కూర్చుంటే ఆయన మీద పడ్డాను.

"నీ పడవలోనే కదా పెట్రోలు వచ్చింది? నీళ్ళు కలిసినాయి!"

ఆయన లేచి నిలబడ్డాడు. "నా పడవలోకి చుక్క దిగదు నాయనా," అన్నాడు మళ్ళీ, మెల్లగా. మొహం చిన్నబుచ్చుకుని పోయాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ సాయంత్రం ఏడు. ఒక బ్యాటరీ అప్పటికే చచ్చింది. రెండోదాన్ని సెట్టుకు తగిలించాం.

"కేంద్రం, కేంద్రం. వినిపిస్తోందా? ఓవర్," అన్నాడు ఆపరేటరు.

అవతలి నుంచి గొంతు వచ్చింది. నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. సెట్టు మీది ముల్లు పడిపోయింది. చిన్న దీపం ఎర్రబడి ఆరింది.

హవల్దారు లేచి దుప్పటి వైపు చూశాడు. "ఏం చేద్దాం?"

"వార్తే లేదు, దుప్పటి దేనికి సార్?" అన్నాడు ఆపరేటరు. "ఉత్తినే ఆరేస్తే, రేపు నిజంగా ఆరేసినా నమ్మరు."

బయట ఆకాశం కడిగినట్టుంది. ఒక్క మబ్బు లేదు. హవల్దారు కూర్చున్నాడు. ఆరేస్తే పోయేదేముంది, ఒక పూట వేట తప్ప, అని నాకు తట్టింది. నోటిదాకా వచ్చింది. కానీ చేతులనిండా మడ్డి, కడుపులో ఆకలి, రెండు రోజుల ఓటమి. ఇంజను ఆగింది నా వల్ల, మళ్ళీ సలహా కూడానా అనుకుని ఊరుకున్నాను.

బుధవారం ఉదయం అయిదున్నర. పదకొండు తెప్పలు దిగాయి. ఏడుకొండలు ఎప్పటిలాగే మా ముందు ఆగాడు. కంచె చూశాడు. ఖాళీగా ఉంది. చేయి ఊపాడు. నేనూ ఊపాను.

పదకొండు దాటాక సముద్రం మారింది. గాలి లేదు. అల మాత్రం బరువెక్కింది. ఒక్కొక్కటీ నెమ్మదిగా లేచి, చాలాసేపు నిలబడి, అప్పుడు పడేది. పాళెం ఆడవాళ్ళు కంచె దగ్గరికి వచ్చారు. ముందు పోలయ్య, ఆయన వెనక కోడలు.

"అల మారినాది అబ్బయా. మీ పెట్టె ఏమంటాది?" నిన్నటి కినుక ఆయన గొంతులో లేదు.

"పెట్టెకు ప్రాణం లేదు తాతా. ఇంజను నడవడం లేదు."

గుంటలోకి దిగాను. టైము ఒకటీ నలభై. మూత విప్పాను, పెట్రోలు చూశాను. అప్పుడే పైనుంచి ఆడవాళ్ళెవరో అరిచారు. తెప్ప కనిపించిందనుకున్నాను. మూత ఎడమచేతిలో ఉండగానే కుడిచేత్తో తాడు లాగాను. ఇంజను అందుకుంది. తల ఎత్తి చూశాను. తెప్ప కాదు, పక్షుల గుంపు. మళ్ళీ ఇంజను వైపు తిరిగేసరికి ఏడు నిమిషాలు. చప్పుడు పలచబడలేదు. ఎనిమిది. పది. పన్నెండు.

నా చేతిలో మూత ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. పెట్రోలు ట్యాంకు మూత మీద సూది మోపినంత బెజ్జం ఒకటి ఉంటుంది. పెట్రోలు కిందికి దిగేకొద్దీ ఆ బెజ్జంలోంచి గాలి లోపలికి పోవాలి. నూనె డబ్బాకు రెండు బెజ్జాలు కొడితేనే కదా నూనె ధారగా పడుతుంది. గాలి పోకపోతే పెట్రోలు దిగదు, ఇంజను ఎండి ఆగిపోతుంది. మూత విప్పినప్పుడల్లా గాలి పోయేది. బిగించినప్పుడల్లా నేనే దాని గొంతు పిసికాను, రెండు రోజులుగా.

మూత తిప్పి చూశాను. పైన నల్లటి మరక. మడ్డి అనుకుని ఎన్నిసార్లు చూసి వదిలేశానో. గోటితో గీకితే పెచ్చు లేచింది. గుగ్గిలం. దాని మీద బొటనవేలి గీతలు స్పష్టంగా ఉన్నాయి.

ఆదివారం వానలో ఆ తాటాకు కప్పు కింద కూర్చుని, మూత మీద పడుతున్న చినుకులు చూసి, ఇంజను లోపలికి నీళ్ళు దిగుతాయని ఆయన మూసి ఉంటాడు. ఎవరినీ అడగకుండా. డబ్బా మూసినట్టు, లాంతరు మూసినట్టు. మేం భలే అన్నాం కదా.

తల ఎత్తాను. కంచె అవతల పోలయ్య సముద్రం వైపే చూస్తున్నాడు. చేయి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. అదే చేయి.

పిన్నీసుతో బెజ్జం పొడిచి మూత బిగించాను. ఇంజను ఆగలేదు. హవల్దారు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమిటి దోషం?"

"కార్బొరేటరులో ఇసుక సార్. నేనే సరిగా చూసుకోలేదు."

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియదు. నిజం చెబితే ఆ ముసలాయన ఆ క్షణమే చచ్చిపోతాడనిపించింది. అంతే.

మూడింటికి కేంద్రం పలికింది. ఈసారి గొంతు పక్క గదిలో ఉన్నట్టుంది.

"వాయుగుండం. ఎవరూ సముద్రంలోకి పోకూడదు. ఇది నిన్న ఏడింటికే పంపాం. మీ నుంచి జవాబు లేదు. ఓవర్."

ఆపరేటరు సముద్రం వైపు చూశాడు. తర్వాత, "అందింది. ఓవర్," అన్నాడు.

హవల్దారు దుప్పటిని కంచె మీద వేయలేదు. తాడు కట్టి స్తంభం కొనకు లాగాడు. ఆజ్ఞలూ లేవు, ఏమీ లేవు. ఆడవాళ్ళు తడి గడ్డి తగలబెట్టి పొగ వేశారు. నాలుగూ పదికి మొదటి తెప్ప అలల మీద కనిపించింది. వెనకే ఇంకో మూడు. అయిదున్నరకు పది తెప్పలు ఒడ్డున పడ్డాయి. మనుషులను మెడలోతు నీళ్ళలోకి దిగి లాగాం. నేనూ దిగాను, ఈత రాకుండానే.

పదకొండోది రాలేదు.

తుఫాను మా దగ్గర తీరం దాటలేదు. రెండు రోజులు గాలీ వానా కొట్టి, ఎటో పోయింది. శనివారం కృష్ణపట్నం దగ్గర ఏడుకొండలు తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దుంగలు దుంగలుగానే ఉన్నాయి, ఒక్క ముడి ఊడలేదు. మనిషి లేడు.

హవల్దారు నా మీద రిపోర్టు రాశాడు. రాయక తప్పదు. జబ్బ మీదికి రావలసిన పట్టీ, అంటే ప్రమోషను, నాకు రెండేళ్ళు రాలేదు. దానికి నేను బాధపడలేదు. దుప్పటి మాట నోటిదాకా వస్తే మింగేసినందుకు అది తక్కువే.

పది రోజులకు పోలయ్య నీళ్ళు తెచ్చాడు. నీళ్ళు దించి, వచ్చి ఇంజను పక్కన కూర్చున్నాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను.

"నీ తప్పే అని పెద్దసారుకు చెప్పినావంటనే?"

"అవును తాతా."

"ఇసక నీ మాట ఇంటాదా, నా మాట ఇంటాదా? సముద్రం గట్టున కూచోని ఇసక రాకుండా ఎవుడాపగలడు? నువ్వేం చేస్తావు నాయనా. మనసులో పెట్టుకోబాక."

నాకు ఏడుపు వచ్చింది. ఇంజనుకు అటు తిరిగి ఏడ్చాను. కొడుకును పోగొట్టుకున్నవాడు నన్ను ఓదారుస్తున్నాడు.

తిరిగి చూసేసరికి ఆయన మూత వైపు చూస్తున్నాడు. చేయి మొలలోకి పోయింది.

"బెజ్జం మళ్ళా తెరుచుకునిందే. వానకి నీళ్ళు దిగతాయి."

"వద్దు తాతా!" గట్టిగానే అన్నాను. "దాన్ని అట్లే ఉండనీ."

"నీళ్ళు..."

"దిగనీ."

ఒక కొబ్బరి చిప్ప తెచ్చి మూత మీద, తగలకుండా, పుల్లలతో ఎత్తి నిలబెట్టాను. ఆయన చిప్పను చూశాడు. నన్ను చూశాడు. చిప్ప కిందికి వేలు పోనిచ్చి బెజ్జానికి దగ్గరగా పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"గాలి పీలస్తా ఉండాది," అన్నాడు.

ఇంజను నడుస్తోంది. ఆయన వేలు తీసి, లేచి, కాలువ వైపు పోయాడు. ఆ తర్వాత కూడా రోజూ వచ్చాడు. ఇంజను పక్కన మాత్రం కూర్చోలేదు. కొడుకు దిగులేమో అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉండేది.

జనవరిలో మకాం ఎత్తేయమని ఉత్తర్వు వచ్చింది. ఒక తెల్లవారుజామున, మంచు దట్టంగా కురుస్తుండగా, సామాను మళ్ళీ పోలయ్య పడవ ఎక్కింది. కాలువ మీద ఏమీ కనిపించడం లేదు. గడ నీళ్ళలో దిగే చప్పుడు ఒక్కటే. ముగ్గురూ కునుకు తీస్తున్నారు. నా ఇనప్పెట్టె నా కాళ్ళ ముందు ఉంది. మూతకు ఒకచోట మేకు ఊడి బెజ్జం పడింది. మంచు ఆ మూత మీద నీరై బెజ్జం వైపు జారుతోంది.

పోలయ్య గడ ఆపాడు. పడవ దానంతట అది సాగుతోంది. వంగి బెజ్జం చూశాడు. మొలలోంచి పొట్లం తీశాడు. ముద్ద గిల్లి వేళ్ళ మధ్య మెత్తగా చేశాడు. బొటనవేలు పెట్టె మీదికి తెచ్చి, బెత్తెడు ఎత్తులో ఆపేశాడు.

"ఈ బెజ్జం మూయొచ్చునా నాయనా?" అని అడిగాడు.

నాలుగు నెలల్లో ఆయన ఏ బెజ్జాన్నీ అడిగి మూయలేదు. ఇసుక కాదని ఆయనకు తెలుసు. చిప్ప కింద వేలు పెట్టిన రోజు నుంచీ తెలుసు.

"ముయ్యి తాతా," అన్నాను.

అదిమాడు. గడ అందుకుని, ఒడ్డు వచ్చేదాకా మళ్ళీ ఆపలేదు. దిగాక నా పెట్టె ఆయనే ఎత్తి ట్రక్కులో పెట్టాడు. నెల్లూరు నుంచి మద్రాసు, అక్కడి నుంచి అస్సాం, ఆ తర్వాత చాలా చోట్లు. ఇప్పుడు కొడవలూరులో పొలాల మధ్య పంపు ఇంజను ఆగిపోతే నన్ను పిలుస్తారు. ముందు మూత విప్పుతానని నవ్వుతారు.

ఆ పెట్టె తుప్పు పట్టి ఎప్పుడో పోయింది. ఆ నల్లటి బొటనవేలు మాత్రం మంచులో, పెట్టె మీద బెత్తెడు ఎత్తున, నేను ఊ అనేదాకా ఆగి ఉంది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆగే ఉంటుంది.